ఒకే ఆర్డరు, నాలుగు కంటైనర్లు, నాలుగు టారిఫ్‌లు: 2025 ఆగస్టులో మా రొయ్యల కేసు

ముందు కేసు ఏంటో చెప్తాను. అమెరికాలో ఒక ఇంపోర్టర్ ఇచ్చిన ఒకే పర్చేజ్ ఆర్డర్, ఒకే రేటు, ఒకే సరుకు. పెంకు వలిచి నరం తీసి తోక ఉంచిన ఐక్యూఎఫ్ (ఒక్కో రొయ్యని విడివిడిగా గడ్డకట్టించిన) వనామీ రొయ్య, నాలుగు నలభై అడుగుల రీఫర్ (చల్లదనం ఉండే) కంటైనర్లు, విశాఖ నుంచి కొలంబో మీదుగా న్యూయార్క్ వైపు, టెర్మ్స్ డీడీపీ. అంటే అమెరికాలో డ్యూటీ కట్టి బయ్యర్ కోల్డ్ స్టోరేజ్ గుమ్మం దాకా చేర్చే బాధ్యత మాదే. ఈ నాలుగింటికీ లెక్కలో పడిన టారిఫ్ వరసగా 10 శాతం, 25 శాతం, 35 శాతం, 50 శాతం. సరుకులో తేడా లేదు, ప్యాకింగ్‌లో లేదు, చెరువులు కూడా దాదాపు అవే. తేడా అంతా ఓడ ఎక్కిన తేదీలోను, దిగిన తేదీలోను ఉంది.

నేను పశ్చిమ గోదావరి వైపు ఒక ప్రాసెసింగ్ కంపెనీలో ఎక్స్‌పోర్ట్ డాక్యుమెంటేషన్, షిప్పింగ్ చూస్తాను. కంపెనీ పేరు, బయ్యర్ పేరు, షిప్పింగ్ లైన్ పేరు చెప్పను, అసలు ఇన్వాయిస్ విలువలు కూడా చెప్పను, లెక్క తెలియడానికి ఒక్కో కంటైనర్ లక్ష డాలర్లు అనుకుందాం. ఈ ఫీల్డ్‌లో కొత్తగా చేరిన పిల్లలు, డాక్యుమెంటేషన్ చూసేవాళ్ళు, చిన్న ఎక్స్‌పోర్టర్లు చదువుతారని రాస్తున్నా కాబట్టి కొంచెం వివరంగానే రాస్తాను. నాకు ఈ కేసులో అన్నిటికంటే ముఖ్యం అనిపించింది టారిఫ్ శాతం కాదు, దాన్ని మన రేటులోకి మింగేసుకుంటే తర్వాత ఏమవుతుంది అనేది. అది చివర్లో వస్తుంది, మధ్యలో వదిలేయకండి.

అసలు ఈ వ్యాపారం ఎంత పెద్దది

ఎంపెడా (కేంద్ర ప్రభుత్వ సముద్ర ఉత్పత్తుల ఎగుమతి సంస్థ) లెక్క ప్రకారం 2024-25 లో మన దేశం నుంచి సీఫుడ్ ఎగుమతి 16,98,170 టన్నులు, విలువ 62,408 కోట్లు, డాలర్లలో 745 కోట్లు. అందులో ఒక్క అమెరికా కొన్నదే దాదాపు 271 కోట్ల డాలర్లు, పరిమాణంలో 3,46,868 టన్నులు, అందులో 90 శాతం పైన గడ్డకట్టిన రొయ్యే. అమెరికా వాడు దిగుమతి చేసుకునే రొయ్యల్లో కూడా అప్పటికి మనమే నంబర్ వన్, ఆ తర్వాతే ఈక్వడార్, ఇండోనేషియా, వియత్నాం. అందులో సింహభాగం ఆంధ్రా చెరువుల్లోదే, భీమవరం, నరసాపురం, అమలాపురం, కృష్ణా జిల్లా, నెల్లూరు, ఇవన్నీ కలిపి.

ఇంకోటి బయటివాళ్ళకి అంతగా తెలీదు, ఇది ఒకవైపు వ్యాపారం కాదు. 2009 లో వనామీ పెంపకానికి మన దగ్గర అనుమతి వచ్చినప్పటి నుంచీ తల్లి రొయ్యల్లో ఎక్కువ భాగం అమెరికా నుంచే దిగుమతి అవుతుంది, హవాయి నుంచి, ఫ్లోరిడా నుంచి. రోగాల్లేని స్టాక్ విమానంలో చెన్నై వస్తుంది, అక్కడ ప్రభుత్వ క్వారంటైన్‌లో ఉండి, టెస్టులు అయ్యాక హేచరీలకి వెళ్తుంది, పిల్ల మన చెరువుల్లో పడుతుంది, పెరిగి వలవబడి గడ్డకట్టి మళ్ళీ అదే దేశానికి వెళ్తుంది. కాబట్టి ఆ రెండు దేశాల మధ్య ఏ ఒక్క చోట డ్యూటీ పెరిగినా ఈ చుట్టు మొత్తం కదులుతుంది.

ఆగస్టుకి ముందు డ్యూటీ ఎలా ఉండేది

గడ్డకట్టిన రొయ్యకి అమెరికాలో మామూలు కస్టమ్స్ డ్యూటీ సున్నా. కానీ 2005 నుంచి మన మీద యాంటీ డంపింగ్ (మరీ తక్కువ రేటుకి అమ్ముతున్నారని వేసే అదనపు డ్యూటీ) ఆర్డర్ ఉంది, దాని రేటు ప్రతి ఏటా రివ్యూలో మారుతుంది. 2024 చివర్లో దాని మీద కౌంటర్‌వేలింగ్ డ్యూటీ కూడా వచ్చింది, మన ప్రభుత్వం ఎక్స్‌పోర్టర్లకి ఇచ్చే స్కీముల్ని సబ్సిడీగా లెక్కేసి వేసింది, విడిగా రేటు రాని కంపెనీలకి 5.77 శాతం. ఈ రెండూ కలిపి కంపెనీని బట్టి 8 నుంచి 10 శాతం మధ్య ఉండేది. ఇవి కాక చిన్న ఫీజులు, మర్చండైజ్ ప్రాసెసింగ్ ఫీజు, హార్బర్ ఫీజు, అవి పెద్ద లెక్క కాదు.

2025 ఏప్రిల్ 2 న రెసిప్రోకల్ టారిఫ్ అని ప్రకటించారు, మనకి 26 శాతం అన్నారు, ఏప్రిల్ 5 నుంచి అందరికీ 10 శాతం మొదలైంది, 9 న మిగతాది 90 రోజులు ఆపారు. మా ఆర్డర్ కుదిరింది ఈ 10 శాతం నడుస్తున్న టైమ్‌లో. రేటు కోట్ చేసినప్పుడు 10 శాతం, దాని మీద యాంటీ డంపింగ్, కౌంటర్‌వేలింగ్ వేసుకునే చేశాం. కాంట్రాక్ట్‌లో డ్యూటీ మారితే ఎవరు భరించాలి అనే క్లాజ్ లేదు, ఈ ట్రేడ్‌లో అప్పటిదాకా చాలామంది డీడీపీ కాంట్రాక్టుల్లో ఉండేది కాదు, ఎందుకంటే ఇరవై ఏళ్ళలో యాంటీ డంపింగ్ రేటు కొన్ని శాతాలు అటూ ఇటూ ఆడటం తప్ప ఇలా నెలలో రెండుసార్లు 25 పడటం ఎవరూ చూడలేదు.

జులై చివర్లో ఆ 10 బదులు 25 శాతం అన్నారు, ఆగస్టు 7 నుంచి అమలు. ఆగస్టు 6 న రష్యా చమురు కొంటున్నామని ఇంకో 25 వేశారు, అది ఆగస్టు 27 నుంచి అమలు. అదే టైమ్‌లో ఈక్వడార్‌కి 15, ఇండోనేషియాకి 19, వియత్నాంకి 20. మనకి మొత్తం కలిపితే యాంటీ డంపింగ్, కౌంటర్‌వేలింగ్‌తో సహా 58 నుంచి 60 దాకా వెళ్ళింది.

తేదీల లెక్క, ఇక్కడే కేసు అంతా ఉంది

అమెరికా ప్రభుత్వం ఇచ్చిన ఈ రెండు టారిఫ్ ఉత్తర్వుల్లోనూ దారిలో ఉన్న సరుకుకి మినహాయింపు ఇచ్చారు. వాట్సాప్ గ్రూపుల్లో తిరిగింది మాత్రం "ఆగస్టు 27 లోపు ఓడెక్కితే చాలు" అని. అది సగం నిజం. మొదటి 25 కి రూల్ ఏంటంటే, ఆగస్టు 7 కి ముందు ఓడెక్కాలి, అక్టోబర్ 5 కి ముందు అమెరికాలో ఎంట్రీ (అక్కడి కస్టమ్స్‌లో దిగుమతిగా నమోదు) అవ్వాలి, రెండూ జరిగితే పాత 10 శాతమే. రెండో 25 కి ఆగస్టు 27 కి ముందు ఓడెక్కాలి, సెప్టెంబర్ 17 కి ముందు ఎంట్రీ అవ్వాలి. రెండు షరతులూ కలిసి ఉండాలి, ఒకటి తప్పితే మినహాయింపు పోయినట్టే.

ఇప్పుడు విశాఖ నుంచి న్యూయార్క్ ఎన్ని రోజులో చూడండి. మన దగ్గర్నుంచి ఫీడర్ అనే చిన్న ఓడలో కొలంబో, అక్కడ మదర్ వెసెల్ (అమెరికా దాకా వెళ్ళే పెద్ద ఓడ) కోసం ఎదురు చూపు, ఎర్ర సముద్రం గొడవ మొదలైన దగ్గర్నుంచీ చాలా ఓడలు సూయజ్ మానేసి ఆఫ్రికా కిందగా గుడ్ హోప్ అగ్రం చుట్టి వెళ్తుండేవి, అన్నీ కలిపితే నలభై రోజులు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ. అంటే ఆగస్టు 26 న ఓడెక్కిన సరుకు సెప్టెంబర్ 17 లోపు న్యూయార్క్ చేరడం మన రూటులో జరిగే పని కాదు. కాగితం మీద మినహాయింపు ఉంది కానీ తూర్పు తీరానికి వెళ్ళే ఆంధ్రా సరుకుకి అది ఆగస్టు మొదటి పది రోజుల్లో కొలంబో దాటిన వాటికే పనికొచ్చింది.

ఇంకో మెలిక ఉంది. టారిఫ్ ఉత్తర్వులో రాసింది "చివరి రవాణా సాధనం" ఎక్కిన తేదీ అని. విశాఖలో ఫీడర్ ఎక్కిన తేదీ లెక్కా, కొలంబోలో మదర్ ఎక్కిన తేదీ లెక్కా? మా చేతిలో ఉన్న బిల్ ఆఫ్ లేడింగ్ మీద షిప్డ్ ఆన్ బోర్డ్ తేదీ విశాఖదే ఉంటుంది. బ్యాంక్‌కి, ఎల్‌సీకి (లెటర్ ఆఫ్ క్రెడిట్‌కి), మన కస్టమ్స్‌కి అదే తేదీ సరిపోతుంది. అమెరికాలో మా కస్టమ్స్ బ్రోకర్ మాత్రం ఒప్పుకోలేదు. వాళ్ళ దేశానికి వచ్చే ఓడ ఏదో దాని మీద ఎక్కిన తేదీనే చూస్తారు, ఐఎస్ఎఫ్ ఫైలింగ్ (సరుకు వివరాలు అమెరికా కస్టమ్స్‌కి ముందే ఇవ్వడం) కూడా ఆ ఓడ ఎక్కడానికి 24 గంటల ముందు చేస్తాం కదా, సిస్టమ్‌లో ఉన్నది కొలంబో తేదీయే అన్నాడు. అతను చెప్పింది జాగ్రత్త మార్గం, కస్టమ్స్ తర్వాత తవ్వి తీస్తే తేడా డ్యూటీతో పాటు పెనాల్టీ కూడా ఇంపోర్టర్ ఆఫ్ రికార్డ్ (కస్టమ్స్ రికార్డులో దిగుమతిదారుగా ఉన్నవాళ్ళు) మీదే పడుతుంది, ఆ ఇంపోర్టర్ ఆఫ్ రికార్డ్ డీడీపీలో మేమే. అందుకే కొలంబో తేదీనే పట్టుకున్నాం.

మొదటి కంటైనర్ జులై ఆఖర్లోనే కొలంబోలో మదర్ ఎక్కింది, సెప్టెంబర్ మొదట్లో దిగింది. రెండు మినహాయింపులూ దొరికాయి. లక్షకి పది వేలు.

రెండోది విశాఖలో ఫీడర్ ఎక్కింది ఆగస్టు 7 కి ముందే, కానీ కొలంబోలో కనెక్షన్ దొరక్క యార్డులో ఉండిపోయి 7 దాటాక మదర్ ఎక్కింది. విశాఖ తేదీ చూస్తే 10 శాతం, కొలంబో తేదీ చూస్తే 25. ఎంట్రీ సెప్టెంబర్ 17 లోపే అయ్యింది కాబట్టి రెండో 25 తప్పింది. ఇరవై ఐదు వేలు. కొలంబోలో ఆ కొన్ని రోజుల ఆలస్యం ఖరీదు అక్షరాలా పదిహేను వేల డాలర్లు.

మూడోది అందరికీ అర్థం కాని కేసు, మా అకౌంట్స్‌లో కూడా చాలాసేపు వాదన నడిచింది. అది వేరే సర్వీస్, ఆగస్టు 7 కి ముందే కొలంబోలో మదర్ ఎక్కేసింది, కాబట్టి మొదటి 25 లేదు, పాత 10 శాతమే. కానీ ఆగస్టులో గుడ్ హోప్ దగ్గర చలికాలం, సముద్రం భయంకరంగా ఉంటుంది, ఓడ నెమ్మదించింది, మధ్యలో షెడ్యూల్ మార్చారు, చివరికి న్యూయార్క్ చేరేసరికి సెప్టెంబర్ 17 దాటిపోయింది. అక్టోబర్ 5 మాత్రం దాటలేదు. అంటే మొదటి మినహాయింపు దొరికింది, రెండోది పోయింది, 10 కి 25 కలిపి 35 శాతం. రెండో కంటైనర్ కంటే ముందు ఓడెక్కిన సరుకు రెండో దానికంటే ఎక్కువ డ్యూటీ కట్టింది! ముందు బయల్దేరితే తక్కువ పడుతుంది అని అనుకునేవాళ్ళకి ఈ కంటైనర్ ఫైలు ఒక్కటి చూపిస్తే చాలు.

ఇక్కడ డాక్యుమెంటేషన్ వాళ్ళకి ఒక మాట. ఎంట్రీ కాగితాలు ఓడ రాకముందే బ్రోకర్ ఫైల్ చేయొచ్చు, కానీ రేటు ఖరారయ్యేది ఫైల్ చేసిన తేదీతో కాదు, ఓడ ఆ పోర్టు హద్దుల్లోకి రావాలి. ముందే ఫైల్ చేసేశాం కదా సేఫ్ అని ఎవరైనా చెప్తే నమ్మకండి. అలాగే ఎఫ్‌డీఏ (అక్కడి ఆహార నియంత్రణ సంస్థ) ప్రయర్ నోటీస్, సిమ్ప్ ట్రేసబిలిటీ డేటా (సరుకు ఎక్కడ్నుంచి వచ్చిందో చూపే వివరాలు), రొయ్యకి తప్పనిసరైన డీఎస్ 2031 ఫారం, వీటిలో ఏ ఒక్కటి ఆలస్యమైనా రిలీజ్ ఆగుతుంది, తేదీలు అంచున ఉన్నప్పుడు ఒక్క రోజు హోల్డ్ పడినా రేటు మారిపోయే ప్రమాదం ఉంది. ఫారంలో పెంపకం రొయ్య అని టిక్ పెట్టే గడి ఉంటుంది, మన సముద్రంలో పట్టిన రొయ్యకి తాబేళ్ళు తప్పించుకునే వల లేదని 2019 నుంచి అమెరికా నిషేధం ఉంది, కాబట్టి ఆ టిక్ చాలా ముఖ్యం.

నాలుగో కంటైనర్

ఇది అప్పటికి విశాఖ టెర్మినల్లోకి గేట్ ఇన్ అయిపోయి ఉంది, షిప్పింగ్ బిల్ పాసై లెట్ ఎక్స్‌పోర్ట్ (మన కస్టమ్స్ ఇచ్చే ఎగుమతి అనుమతి) కూడా వచ్చేసింది. ఓడెక్కితే అక్టోబర్ నడిమికి చేరుతుంది, పూర్తి 50 శాతం. లక్షకి యాభై వేలు, దాని మీద యాంటీ డంపింగ్, కౌంటర్‌వేలింగ్ మరో ఎనిమిది పది వేలు.

మా ముందు నాలుగు దారులు పెట్టుకుని కూర్చున్నాం. పంపేసి డ్యూటీ కట్టడం ఒకటి. పంపి అమెరికాలో బాండెడ్ కోల్డ్ స్టోరేజ్‌లో (డ్యూటీ కట్టకుండా సరుకు ఉంచే కస్టమ్స్ గోడౌన్‌లో) పెట్టడం రెండోది, అక్కడ బయటికి తీసినప్పటి రేటు వర్తిస్తుంది కాబట్టి టారిఫ్ తగ్గేదాకా ఆగొచ్చు అని కొందరు అప్పట్లో బాగా మాట్లాడారు. కానీ మైనస్ 18 డిగ్రీల గోడౌన్ అద్దె నెల నెలా పెరుగుతుంది, రొయ్య షెల్ఫ్ లైఫ్ తరుగుతుంది, మన బ్యాంక్ ప్యాకింగ్ క్రెడిట్ (ఎగుమతి కోసం తీసుకున్న అప్పు) వడ్డీ ఆగదు, తగ్గుతుందో లేదో ఎవరికీ తెలీని రేటు మీద పందెం కాయడం మాకు నచ్చలేదు. మూడోది కొలంబో దాకా పంపి అక్కడ్నుంచి వేరే దేశానికి మళ్ళించడం, అది వినడానికి బాగుంటుంది గానీ పెట్టెల మీద బయ్యర్ బ్రాండ్, పౌండ్లలో బరువు, అమెరికా లేబుల్, దీన్ని ఇంకో దేశంలో ఎవడూ దింపుకోడు.

నాలుగోది బ్యాక్ టు టౌన్. కస్టమ్స్‌కి లెటర్ పెట్టి, షిప్పింగ్ బిల్ క్యాన్సిల్ చేయించి, కంటైనర్‌ని టెర్మినల్ నుంచి వెనక్కి ప్లాంట్‌కి తెచ్చుకోవడం. టెర్మినల్ చార్జీలు, రీఫర్ ప్లగ్ ఇన్ చార్జీలు, లైన్ క్యాన్సిలేషన్, లారీ బాడుగ, మళ్ళీ మా కోల్డ్ స్టోర్‌లోకి దించే కూలి, అన్నీ వేసుకున్నా 50 శాతం డ్యూటీ ముందు అది చాలా చిన్న మొత్తం. అదే చేశాం. తెచ్చాక పెట్టెలు విప్పి, కిలోల్లో రీప్యాక్ చేసి వేరే మార్కెట్‌కి పెట్టాం. ప్లాంట్‌లో వలిచే పని తగ్గిపోయిన ఆ వారాల్లో రీప్యాకింగ్ పని అమ్మాయిలకి కొన్ని షిఫ్టులు నిలబెట్టింది, అది కూడా నేను ఈ నిర్ణయంలో లాభం వైపే వేస్తాను.

ఎవరైనా ఇలాంటి పరిస్థితిలో ఉంటే గుర్తుంచుకోండి, గేట్ ఇన్ అయిపోయింది కదా ఇంక చేసేదేం లేదు అని చాలామంది పంపేశారు. ఓడెక్కనంత వరకూ చేతిలో ఉన్నట్టే.

బాండ్ సంగతి

డీడీపీలో ఇంపోర్టర్ మనమే అయినప్పుడు ఇంకో దెబ్బ ఉంటుంది, దీని గురించి ఎక్కువ మంది మాట్లాడరు. అమెరికా కస్టమ్స్‌కి మనం ఇచ్చే కంటిన్యువస్ బాండ్ (డ్యూటీ కడతామనే హామీ పత్రం) విలువ మామూలుగా గత పన్నెండు నెలల్లో కట్టిన డ్యూటీ, ఫీజుల్లో 10 శాతం, కనీసం 50,000 డాలర్లు. డ్యూటీలు ఎనిమిది శాతం నుంచి పద్దెనిమిదికి, అక్కడ్నుంచి యాభై ఎనిమిదికి ఎగిరేసరికి పాత బాండ్ చాలదు, పెంచమని నోటీసు వస్తుంది, ఆ బాండ్‌కి పూచీ ఉండే ష్యూరిటీ కంపెనీ కొలేటరల్ (తాకట్టు) అడుగుతుంది, ఆ కొలేటరల్‌కి మనం ఇక్కడ బ్యాంక్ నుంచి లెటర్ ఆఫ్ క్రెడిట్ తెచ్చివ్వాలి, ఆ లిమిట్ మన వర్కింగ్ క్యాపిటల్ నుంచే పోతుంది. అంటే కట్టిన డ్యూటీ ఒకటి, ఇరుక్కుపోయిన డబ్బు ఇంకొకటి. చిన్న ఎక్స్‌పోర్టర్ డీడీపీ మొదలుపెట్టే ముందు ఈ ఒక్క లెక్క వేసుకుంటే చాలు.

రేటు తగ్గించి ఇవ్వమన్నప్పుడు

సెప్టెంబర్‌లో బయ్యర్ కొత్త ఆర్డర్ గురించి మాట్లాడటం మొదలుపెట్టాడు. మాట ఒకటే, "మీరు సగం భరించండి, మేం సగం భరిస్తాం, షెల్ఫ్ మీద రేటు అంతకంటే పెంచలేం". అతని వైపు నుంచి చూస్తే న్యాయమే, ఈక్వడార్ సరుకు 15 శాతంతో పక్కనే ఉంది. మన వైపు కూడా ప్లాంట్ ఆగకూడదు, మనుషుల్ని పోగొట్టుకోకూడదు, ఎలాగోలా తగ్గించి ఇచ్చేద్దాం అనే ఒత్తిడి గట్టిగా ఉంది. చాలామంది ఇచ్చేశారు కూడా. నేను అభ్యంతరం చెప్పింది ఇక్కడే, దానికి కారణం యాంటీ డంపింగ్ లెక్క.

అమెరికా కామర్స్ డిపార్ట్‌మెంట్ డంపింగ్ ఎలా చూస్తుందంటే, నువ్వు అమెరికాకి అమ్మిన నికర రేటు ఎంత, అదే సరుకు ఇంకో చోట అమ్మిన రేటు ఎంత, ఈ రెండిటి మధ్య తేడా. మన దేశంలో రొయ్య వాడకం తక్కువ కాబట్టి మామూలుగా వేరే దేశానికి అమ్మిన రేటుతోనో ఖర్చు లెక్కతోనో పోలుస్తారు. నికర రేటు అంటే ఇన్వాయిస్ రేటు కాదు, అందులోంచి సముద్రపు కిరాయి తీసేస్తారు, అక్కడి ఇంపోర్ట్ డ్యూటీ మనం కట్టి ఉంటే అది కూడా తీసేస్తారు. స్టీల్ మీద వేసిన సెక్షన్ 232 డ్యూటీల్ని కూడా అలా తీసేయొచ్చని వాళ్ళ ఫెడరల్ సర్క్యూట్ కోర్టు 2023 లో తేల్చింది. ఈ కొత్త టారిఫ్‌ని కూడా అలాగే తీసేస్తారనుకునే లెక్కలు వేసుకోండి అన్నాడు మా లాయర్.

ఇప్పుడు అంకె వేద్దాం. డీడీపీ రేటు 100, కిరాయి 6 అనుకోండి. టారిఫ్ 10 శాతం ఉన్నప్పుడు నికరం దాదాపు 85. అదే 100 రేటుకి 50 శాతం టారిఫ్ మనమే మింగితే నికరం 63 కి పడిపోతుంది. అదే రొయ్యని నువ్వు బ్రిటన్‌కో జపాన్‌కో నికరం 85 కి అమ్ముతున్నావు. ఇప్పుడు కామర్స్ వాడి కంటికి కనిపించేది ఏంటి? 85 సరుకుని వాళ్ళ దేశంలో 63 కి పడేస్తున్నాడు అని. టారిఫ్ వాళ్ళే వేశారు, దాన్ని భరించినందుకు డంపింగ్ చేశావని మళ్ళీ డ్యూటీ వేస్తారు. డీడీపీ మానేసి ఎఫ్‌ఓబీకి (మన పోర్టులో ఓడెక్కించేదాకానే మన బాధ్యత) మారి రేటు 63 కి తగ్గించినా అదే కథ, నికరం నికరమే.

పైగా ఇది ఆ రోజే తెలియదు. అమెరికాలో యాంటీ డంపింగ్ వెనక్కి చూసి తేలుస్తారు, సరుకు దిగినప్పుడు కట్టేది డిపాజిట్ మాత్రమే. ఫిబ్రవరి నుంచి మరుసటి జనవరి దాకా ఒక రివ్యూ పీరియడ్, ఆ తర్వాత ఎవరైనా రివ్యూ అడిగితే ప్రశ్నపత్రాలు, లెక్కలు, తుది రేటు వచ్చేసరికి ఏడాది దాటుతుంది, అప్పుడు తేడా ఉంటే వడ్డీతో సహా బిల్లు వస్తుంది. 2025 శరదృతువులో సంతోషంగా తగ్గించి ఇచ్చిన రేటుకి బిల్లు 2027 లో రావచ్చు, అప్పటికి ఆ సేల్స్ మేనేజర్ ఆ కంపెనీలో ఉంటాడో లేదో కూడా తెలీదు.

నాకు నిజంగా బాధ కలిగించే విషయం ఇంకొకటి. రివ్యూలో అన్ని కంపెనీల్నీ చూడరు, పెద్దవి రెండో మూడో ఎంచుకుంటారు, వాళ్ళ రేట్ల సగటే మిగతా అందరికీ వేస్తారు. అంటే ఎంపికైన ఒక పెద్ద కంపెనీ ఆ సీజన్‌లో టారిఫ్ మింగి అమ్మి ఉంటే, రేటు నిలబెట్టుకుని సరుకు తగ్గించుకున్న చిన్న కంపెనీకి కూడా అదే శాతం పడుతుంది. మన ఎక్స్‌పోర్టర్ల సంఘాల్లో కిరాయిల మీద, సబ్సిడీల మీద గంటలు గంటలు మాట్లాడుకుంటాం, దీని మీద అంత చర్చ జరగడం నేను చూడలేదు. జరగాలి.

కాబట్టి మేం పెట్టుకున్న గీత ఇది. అమెరికా నికర రేటు, అదే కౌంట్ (కిలోకి ఎన్ని రొయ్యలు తూగుతాయన్న లెక్క), అదే ప్యాకింగ్‌కి మేం వేరే దేశాల్లో అమ్ముతున్న నికర రేటు కంటే కిందకి వెళ్ళకూడదు. ఆ గీత దగ్గర బయ్యర్ కొంటే అమ్మాలి, కొనకపోతే ఆ సరుకు అమెరికాకి కాదు. బయ్యర్ రెండు ఆర్డర్ల పరిమాణం తగ్గించాడు, మూడో దాన్ని గీత దగ్గరే తీసుకున్నాడు. టెర్మ్స్ ఎఫ్‌ఓబీకి మారాయి, ఇంపోర్టర్ అతనే. మధ్యలో అతను యాంటీ డంపింగ్ డ్యూటీ కూడా చెరి సగం వేసుకుందాం అన్నాడు, అది అసలు కుదరదు, ఎక్స్‌పోర్టర్ ఇంపోర్టర్‌కి యాంటీ డంపింగ్ డబ్బు తిరిగి ఇస్తే ఆ మొత్తాన్ని కూడా మార్జిన్‌లో కలిపి మళ్ళీ వసూలు చేస్తారు, ఇంపోర్టర్ అలా తీసుకోలేదని సర్టిఫికెట్ కూడా ఇవ్వాలి. ఈ మాట ఈమెయిల్‌లో ఒప్పుకున్నా ప్రమాదమే.

ఇంకో క్లాజ్ కూడా రాయించాం. ఈ టారిఫ్‌ల మీద అప్పటికి అమెరికాలో కోర్టు కేసు నడుస్తుండేది, 2025 మే 28 న ట్రేడ్ కోర్టు చెల్లవంది, ఆగస్టు 29 న అప్పీల్ కోర్టు ఆ తీర్పునే సమర్థించింది, నవంబర్‌లో సుప్రీం కోర్టు వాదనలు విన్నది. ఒకవేళ ఎప్పుడైనా రీఫండ్ వస్తే అది ఇంపోర్టర్ ఆఫ్ రికార్డ్ ఖాతాలోకే వస్తుంది. ఎక్స్‌పోర్టర్ డిస్కౌంట్ రూపంలో భరించిన దానికి అక్కడ రికార్డే ఉండదు. అందుకే మేం ఇచ్చిన చిన్న తగ్గింపుకి, రీఫండ్ వస్తే అందులో మా వాటా ఎంత అని కాగితం మీద పెట్టాం.

చెరువు గట్టు మీద

ఏప్రిల్ ప్రకటన రాగానే కొనేవాళ్ళు రైతుకిచ్చే రేటు కిలోకి పదుల రూపాయలు తగ్గించేశారు, ఆగస్టులో మళ్ళీ అదే జరిగింది. పెద్ద రొయ్యలు, ముప్పై నుంచి యాభై కౌంట్ దాకా, ఎక్కువగా అమెరికాకి వెళ్ళేవి, చిన్న రొయ్యలు చైనాకి. అందుకే దెబ్బ పెద్ద రొయ్య మీద గట్టిగా పడింది, ముప్పై కౌంట్ దాకా పెంచుదాం అనుకున్న రైతు మేత ఖర్చు చూసి ముందే పట్టుబడి చేసేశాడు. నేను ఈ ట్రేడ్‌లో కంపెనీ వైపు మనిషినే, అయినా చెప్తాను, ఏప్రిల్‌లో కొన్న సరుకులో చాలా భాగం 10 శాతం డ్యూటీతోనే అమెరికాలో దిగింది, 26 వస్తుందన్న భయంతో రైతుకి కోసిన రేటు మాత్రం తిరిగి సరిగ్గా ఎక్కలేదు. టారిఫ్ తేదీలు, మినహాయింపులు రైతుకి అర్థమయ్యేలా ఎవరూ చెప్పలేదు, చెప్పి ఉంటే కొనేవాళ్ళతో ఇంకొంచెం గట్టిగా మాట్లాడేవాళ్ళు. మా కొనుగోలు వాళ్ళకి తేదీలతో ఒక పేజీ తెలుగులో రాసిచ్చాను, ఏ వారం కొన్న సరుకు ఏ రేటు కింద దిగుతుంది అని, దాన్ని రైతులకి కూడా చూపించమన్నాను.

మిగతా మార్కెట్ల సంగతి త్వరగా చెప్పేస్తాను. సెప్టెంబర్‌లో యూరోపియన్ యూనియన్ మన దేశంలో ఇంకో 102 యూనిట్లకి అనుమతి ఇచ్చింది, మంచిదే, కానీ అక్కడ మన పెంపకం రొయ్య కన్‌సైన్‌మెంట్లలో సగం యాంటీబయాటిక్ టెస్టుకి ఆపుతారు, చెరువు దగ్గర మందులు వాడని సరుకు విడిగా పెట్టుకోకపోతే అటు వెళ్ళడం దండగ. బ్రిటన్‌తో జులైలో వాణిజ్య ఒప్పందం సంతకం అయ్యింది. అమెరికాకి వెళ్ళే మూడు లక్షల టన్నుల్ని ఇవేవీ ఒక్క ఏడాదిలో మింగలేవు, అలా చెప్పేవాళ్ళు అంకెలు చూడట్లేదు. నవంబర్‌లో ఆర్‌బీఐ ఎక్స్‌పోర్ట్ డబ్బు తెచ్చుకునే గడువు తొమ్మిది నెలల నుంచి పదిహేను నెలలకి పెంచడం మాత్రం మాలాంటి వాళ్ళకి చాలా పనికొచ్చింది, వేరే దేశాల కొత్త బయ్యర్లు ఎక్కువ రోజుల అప్పు అడుగుతున్నప్పుడు కొంచెం గాలి పీల్చుకోగలిగాం.

రేట్లు ఆ తర్వాత కూడా మారుతూనే ఉన్నాయి, కాబట్టి ఈ అంకెల్ని 2025 ఆగస్టు, సెప్టెంబర్ వరకే తీసుకోండి, పద్ధతి మాత్రం ఎప్పుడైనా అదే. అమెరికాలో దిగిన మూడు కంటైనర్ల ఎంట్రీలు 2025 ఫిబ్రవరి నుంచి 2026 జనవరి రివ్యూ పీరియడ్‌లో పడతాయి. అందుకని కొలంబో లోడింగ్ రికార్డులు, ఆన్ బోర్డ్ తేదీలు, ఎంట్రీ కాగితాలు, కిరాయి బిల్లులు, అదే వారాల్లో వేరే దేశాలకి అమ్మిన ఇన్వాయిస్‌లు అన్నీ ఒకే ఫైల్లో పెట్టి ఉంచాం. వాటి మీద తుది యాంటీ డంపింగ్ రేటు తేలి, కస్టమ్స్ లిక్విడేట్ చేసేదాకా (డ్యూటీ లెక్క ఖరారు చేసి మూసేదాకా) ఈ ఆర్డర్ మీద ఎంత మిగిలింది అనే గడి మా అకౌంట్స్‌లో ఖాళీగానే ఉంటుంది.